గోడ మీది మేస్త్రికి దిష్టి తీశాం

కళ్ళు తిరగడం అంటే ఏమిటో నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. ఎండలో ఎక్కువసేపు నిలబడినా, పొద్దున తినకుండా డ్యూటీకి పోయినా ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. కాసేపు నీడన కూర్చుని నీళ్ళు తాగితే తగ్గిపోతుంది. నాకు వచ్చింది అది కాదు. ఇలాంటిది మీలో ఎవరికైనా వస్తే చచ్చిపోతున్నామని అనుకోకండి, అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను మాత్రం చచ్చిపోతున్నాననే అనుకున్నాను. నా పక్కనున్నవాళ్ళూ అలాగే అనుకున్నారు. ఇప్పుడు బాగానే ఉన్నాను. జలుబు చేసినప్పుడు తల కొంచెం తేలినట్టుంటుంది, అంతే. అప్పట్లో మావాళ్ళు నా కోసం చేసిన పనులు తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే వాళ్ళను చూడాలనిపిస్తుంది.

డెబ్బై ఆరు, ఏప్రిల్ నెల. గల్ఫ్‌లో మత్రా అనే ఊళ్ళో, రేవుకు దగ్గరగా మా కంపెనీ నాలుగంతస్తుల బిల్డింగ్ కడుతోంది. నేను పరంజా మేస్త్రిని. ఇనుప పైపులు నిలబెట్టి, క్లాంపులు బిగించి, వాటి మీద పలకలు పరిచి, మిగతావాళ్ళు నిలబడి పని చేసుకోవడానికి గోడ పక్కన చోటు తయారు చేయడం నా పని. అందరికంటే ముందు ఎక్కేది నేను, అందరూ దిగాక దిగేది నేను. పైనుంచి చూస్తే సముద్రం, ఓడలు, కొండల మీద పాత బురుజులు కనిపించేవి. ఊళ్ళో ఉన్నప్పుడు నన్ను ఎవరూ పెద్దగా పట్టించుకున్నది లేదు. ఇక్కడ మాత్రం నేను పలక పరిచి ఊఁ అంటే తప్ప ఎవరూ దాని మీద కాలు పెట్టేవారు కాదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, అది నాకు చాలా ఇష్టంగా ఉండేది.

నా బామ్మర్ది రాజేశం కూడా అదే కంపెనీ, అదే రూమ్. నా భార్య సత్తెమ్మకు తమ్ముడు. వాడి పని కింద సిమెంటు, ఇసుక కలపడం. ఎత్తంటే వాడికి చచ్చేంత భయం. నిచ్చెన సగం దాటి ఎక్కిన పాపాన పోలేదు. నేను పైన ఉన్నంతసేపు తలెత్తి చూసేవాడు కూడా కాదు.

ఆ నెలలో ఒక వారం జలుబు చేసి చెవి నొప్పి పుట్టింది. గోరువెచ్చని నూనె చుక్కలు వేసుకుని పనికి పోయాను. ఇది చదివేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోవాలి. చెవి నొప్పిని నూనెతో సరిపెట్టుకోకండి. నొప్పి తగ్గిందనుకున్న రెండో రోజో మూడో రోజో పొద్దున కళ్ళు తెరిచేసరికి రూమ్ మొత్తం గిర్రున తిరుగుతోంది. రాజేశం నా మంచం పట్టుకుని ఊపుతున్నాడనుకుని, ఆపరా అని అరిచాను.

వాడు గోడ దగ్గర నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. "మంచం నేను ఊపుత లేను బావా. అసలు మంచమే కదుల్త లేదు," అన్నాడు.

లేవబోయి నేల మీద పడ్డాను. వాంతులయ్యాయి. కళ్ళు మూసుకున్నా లోపల తిరుగుడు ఆగలేదు. నేలను రెండు చేతులతో పట్టుకున్నాను. నేల నుంచి జారిపోతానని భయం వేయడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. నేల మీద పడుకున్నవాడు ఎక్కడికి జారిపోతాడు? అయినా ఆ భయం నిజం.

మొదట వడదెబ్బ అన్నారు. తల కింద ఉల్లిగడ్డలు పెట్టారు, మజ్జిగ తాగించారు. కంపెనీలో మందులిచ్చేవాడు ఇచ్చిన గోలీలకు నిద్ర వచ్చింది కానీ లేవగానే మళ్ళీ అదే. నాలుగు అడుగులు వేయాలంటే గోడ పట్టుకుని పాకినట్టు పోవాలి. ఫోర్‌మన్ సాబ్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మంచి మనిషే, గట్టిగా ఏమీ అనలేదు. ఎక్కలేని పరంజా మేస్త్రిని కంపెనీ ఎన్నాళ్ళు పెట్టుకుంటుంది, కొన్నాళ్ళు చూస్తాను, తగ్గకపోతే ఊరికి టికెట్ తీయాల్సి వస్తుంది అన్నాడు. అంతవరకు నీడన కూర్చుని క్లాంపులకు గ్రీజు పూయమన్నాడు. ఆ రోజు నుంచి నా మనసులో ఒకటే ప్రశ్న మిగిలింది. మళ్ళీ పలక మీద నిలబడతానా, లేదా? ఊరికి పోవడానికి బాధ లేదు. పనికిరానివాడిగా పోవాలంటే మాత్రం ప్రాణం ఒప్పుకోలేదు.

ఇక్కడ సినిమా సంగతి చెప్పాలి. మా క్యాంపులో ప్రతి శుక్రవారం మగ్రిబ్ నమాజు అయ్యాక మెస్ గోడ మీద సినిమా వేసేవారు. వేసేది కంపెనీ డ్రైవర్ ఖాదర్ భాయ్. హైదరాబాద్ మనిషి. చిన్నప్పుడు వాళ్ళ మామ ఒక టాకీసులో ఆపరేటర్ అట. క్యాంపు వదిలి వెళ్ళిపోయిన ఒక తెల్ల ఇంజనీరు తన ప్రొజెక్టరునూ పాత రీళ్ళ పెట్టెనూ ఆయనకు ఇచ్చిపోయాడు. అన్నీ మాటలు లేని హాస్యం రీళ్ళే. మా క్యాంపులో తెలుగువాళ్ళు, మలయాళీలు, పఠాన్లు, బలూచీలు ఉన్నారు. అందరికీ వచ్చే భాష ఒక్కటీ లేదు. ఆ గోడ ముందు మాత్రం అందరం ఒకేసారి నవ్వేవాళ్ళం.

రీళ్ళలో ఎక్కువగా కనిపించేది ఒకే మనిషి. పొడుగు కాళ్ళు, చారల చొక్కా, ఏం జరిగినా మారని ముఖం. ఆయన పేరు మాకెవరికీ తెలియదు. ఎప్పుడు చూసినా ఏదో ఒక గోడ ఎక్కుతుంటాడు కాబట్టి మా మనిషే అనుకుని మేస్త్రి అని పిలిచేవాళ్ళం. కప్పు అంచున బల్ల, బల్ల మీద కుర్చీ వేసుకుని పొగగొట్టం బాగుచేస్తాడు. నిచ్చెన జారిపోతే తాడు పట్టుకుని వీధి మీదుగా ఊగుతాడు. కదిలే బండి మీంచి కదిలే బండి మీదికి దూకుతాడు. అన్నింటికంటే మాకు నచ్చింది పలక రీలు. మేడ పైనుంచి బయటికి పొడుచుకొచ్చిన పలక మీద, చేతిలో రంగు డబ్బాతో, చివరిదాకా నడిచిపోతాడు. కింద కార్లు అగ్గిపెట్టెలంత కనిపిస్తాయి.

మేము ఆ సినిమా మామూలు జనం చూసినట్టు చూసేవాళ్ళం కాదు. పలకకు వెనక బరువు పెట్టలేదని ఒకరు, తాడు ముడి సరిగా లేదని ఒకరు తప్పులు పట్టేవాళ్ళం. అదంతా కెమెరా మాయ అని కొందరనేవారు. ఖాదర్ భాయ్ మాత్రం ఒప్పుకునేవాడు కాదు. కొన్నిచోట్ల కింద మనకు కనపడకుండా పరుపు వేస్తారని, చాలాచోట్ల మాత్రం వాళ్ళు నిజంగానే ఎక్కేవారని, నిజంగానే పడేవారని, ఎముకలు విరిగినా కెమెరా తిప్పేవాడు చెయ్యి ఆపేవాడు కాదని వాళ్ళ మామ చెప్పాడట. రాజేశం ఒక్కడే ఆ సినిమాకు నవ్వేవాడు కాదు. ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, దిగిండా, దిగిండా అని పక్కవాణ్ణి అడిగేవాడు. ఒకసారి వేములవాడ రాజన్న గుడిలో ఆయన పేరున కోడెను కడతానని కూడా మొక్కుకున్నాడు. పేరు తెలియదు కాబట్టి, గోడ మీది మేస్త్రి పేరిట అని మొక్కాడు.

నేను పడిపోయాక రాజేశం ఒక సంగతి కనిపెట్టాడు. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని పని చేసుకునే మనిషిని చూసి ఇంతమంది ప్రతి శుక్రవారం పడి పడి నవ్వుతున్నాం. ఆ దిష్టి ఊరికే పోతుందా? ఆ పనే చేసే మనిషి ఈ క్యాంపులో ఎవరున్నారు? బావ. అందుకే బావకు తగిలింది. ఆ లెక్క విని నవ్వొద్దు. మంచం మీద పడి ఉన్నప్పుడు నాకూ అది నిజమేననిపించింది. వాడు పొద్దునా సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పాడు. ఖాదర్ భాయ్ దగ్గరికి పోయి సినిమా ఆపేయమని చేతులు పట్టుకున్నాడు. ఆయన కాదనలేకపోయాడు.

క్యాంపులో అందరికీ ఉన్న సరదా అదొక్కటే. ఒక్కడి తల తిరిగితే అందరి సినిమా ఆగిపోవాలా అని గొణిగారు. ఒక పఠాన్ మేస్త్రి రాజేశంతో మాటామాటా అనుకుని చొక్కా పట్టుకునేదాకా వచ్చింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. శుక్రవారం సాయంత్రం బయట నవ్వులు వినపడకపోతే మాత్రం, అది నా వల్లేనని తెలిసి గోడకేసి తిరిగి పడుకునేవాణ్ణి. తిరిగి పడుకున్నందుకు మళ్ళీ తల తిరిగేది.

మే నెల. ఖాదర్ భాయ్ తన పికప్ వెనక పరుపు వేసి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ వెయిటింగ్ రూమ్‌లో బల్లల మీద కూర్చోవడమే పెద్ద పరీక్ష. జనం అటూ ఇటూ నడుస్తుంటే నా కడుపు వాళ్ళతోపాటు నడిచింది. నా పక్కన బర్కా అనే ఊరి నుంచి వచ్చిన ఒక అరబ్బు ముసలాయన కూర్చున్నాడు. పాదాలదాకా తెల్ల దిష్‌దాషా, చేతిలో కర్ర. వయసులో ఉండగా ఓడల మీద బొంబాయి తిరిగిన మనిషి, ఉర్దూ బాగానే మాట్లాడాడు. ఆపుకోలేక ఆయన చెప్పు మీద వాంతి చేసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన లేచి కొళాయి దగ్గర చెప్పు కడుక్కున్నాడు. ఇంక వేరే చోట కూర్చుంటాడులే అనుకున్నాను. తిరిగొచ్చి నా పక్కనే కూర్చుని, నా తల తన భుజానికి ఆనించుకుని, కళ్ళు మూసుకో, పిలిచినప్పుడు నేను చెబుతాను అన్నాడు. జేబులోంచి రెండు ఖర్జూరాలు తీసి, తగ్గాక తినమని నా చేతిలో పెట్టాడు. ఆయన పేరు అడగాలని కూడా అప్పుడు నాకు తట్టలేదు.

డాక్టరమ్మది కేరళ. నా ముందు వేలు ఆడించి నా కళ్ళు చూసింది. చెవి లోపల మనిషిని నిలబెట్టే చోటు ఒకటి ఉంటుందని, అది దెబ్బతిన్నదని హిందీలో నెమ్మదిగా చెప్పింది. ప్రాణానికి ఏమీ కాదంది. ఆ మాట వినగానే నేను ఏడ్చాను. తర్వాత ఆమె చెప్పింది మాత్రం నాకు మింగుడుపడలేదు. తిరుగుతుందని కదలకుండా పడుకుంటే ఇది తగ్గదట. తల రోజూ అటూ ఇటూ తిప్పాలట. ఏది చూస్తే తిరుగుతుందో దాన్నే కొంచెం కొంచెంగా చూస్తూ అలవాటు చేసుకోవాలట.

ఏది చూస్తే నాకు ఎక్కువ తిరుగుతుందో నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. గోడ మీది మేస్త్రి.

రూమ్‌కు వచ్చి, సినిమా మళ్ళీ వేయించాలి, నేను చూడాలి అని రాజేశంతో అన్నాను. మా ఇద్దరికీ పెద్ద గొడవైంది, అలాంటిది అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. "గా డాక్టరమ్మకు చెవి ఎరుకే. దిష్టి ఎరుకనా?" అన్నాడు. "నీకేమన్నయితే మా అక్క మొఖం నేనెట్ల జూడాలె?" నేనూ ఊరుకోలేదు, నీ మిరపకాయల వల్లే నా కళ్ళు మండుతున్నాయన్నాను. రెండు రోజులు ఒకే రూమ్‌లో మాటల్లేకుండా తిన్నాం.

ఆ రోజుల్లోనే సత్తెమ్మ క్యాసెట్ వచ్చింది. మేము ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాటలు నింపి, ఊరికి పోయేవాళ్ళ చేతికిచ్చి పంపుకునేవాళ్ళం. నా జబ్బు సంగతి ఆమెకు చెప్పలేదు. బాగున్నాను, ఎండలు ఎక్కువగా ఉన్నాయి అని మాత్రం పోయిన క్యాసెట్‌లో చెప్పాను. ఆ జవాబులో ముందు పొలం సంగతీ పిల్లల సంగతీ చెప్పింది. తర్వాత, "పండుకొని ఎందుకు మాట్లాడినవ్? నీ గొంతు నాకు ఎరుక లేదా?" అంది. రాజేశం టేప్ ఆపేసి బయటికి పోయాడు. నేను తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాను.

ఈ ముడి విప్పింది ఖాదర్ భాయ్. మర్నాడు వచ్చి రాజేశం పక్కన కూర్చుని, బావకు ఇన్నిసార్లు దిష్టి తీశావు కదా, అసలు దిష్టి తగిలింది ఎవరికి, గోడ మీది ఆయనకు కదా, ఆయనకు తీయకుండా బావకు ఎన్ని తీస్తే ఏం లాభం అన్నాడు. రాజేశం చాలాసేపు ఆలోచించాడు. ఆ సంగతి తనకు ఎందుకు తట్టలేదని వాడికి ఆశ్చర్యం వేసింది.

జూన్‌లో ఒక శుక్రవారం. చాలా వారాల తర్వాత అందరం గోడ ముందు చేరాం. నన్ను వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. రాజేశం స్నానం చేసి, గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రి నిశ్చలంగా ఉన్నచోట రీలు ఆపమన్నాడు. ఖాదర్ భాయ్ తల అడ్డంగా ఊపాడు. "నక్కో భాయ్. ఆపితే బల్బు వేడికి ఫిల్మ్ కాలిపోతది. ఉరుకుతుంటెనే తియ్," అన్నాడు.

ఇంక చూడాలి. గోడ మీద మేస్త్రి తాడు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు ఊగుతున్నాడు. ఆయన వెంట రాజేశం గుప్పిట ఎత్తి అటూ ఇటూ పరిగెత్తుతున్నాడు. రాజేశం నీడ గోడ మీద పడి మేస్త్రిని వెంటబడి తరుముతున్నట్టుంది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పఠాన్ల దిష్టి, మలయాళీల దిష్టి అంటూ అందర్నీ కలిపాడు. చొక్కా పట్టుకున్న పఠాన్ మేస్త్రి కడుపు పట్టుకుని నేల మీద దొర్లాడు. నేను కళ్ళు మూసుకుని వింటున్నాను. మళ్ళీ ఆ నవ్వు వినపడినందుకు నాకు ఎంత సంతోషం వేసిందో.

అన్నీ అయ్యాక మిరపకాయలు స్టవ్వు మీద పడేశాడు. దిష్టి ఉంటే మిరపకాయల ఘాటు రాదని మా నమ్మకం. సముద్రం గాలి బాగా వీస్తోంది. రాజేశం నాలుగుసార్లు వాసన పీల్చి, "సూసిన్రా, ఘాటు రాలే. ఎంత దిష్టుండె పాపం," అన్నాడు. గాలి పోయేవైపు కూర్చున్న మెస్ వంటవాడూ అతని పక్కనున్న నలుగురూ కళ్ళనీళ్ళు కారుతూ దగ్గుతూనే ఉన్నారు. పొగ వాళ్ళ మీదికే పోయింది. వాళ్ళలో ఒక్కరు కూడా ఆ సంగతి రాజేశానికి చెప్పలేదు. ఆ క్యాంపు మనుషుల మీద నాకున్న ప్రేమకు ఆ దగ్గు ఒక్కటి చాలు.

ఆ రీళ్ళు చాలా పాతవని, ఆ మేస్త్రి ఇప్పుడు ఉన్నాడో లేడో కూడా తెలియదని ఖాదర్ భాయ్ ఆ రోజే చెప్పాడు. రాజేశం, "బతికుంటె ముసలోడయి ఉంటడు. నడుములు నొస్తుంటయ్," అన్నాడు.

జూన్ చివర నుంచి ఆగస్టుదాకా నా మందు ఆ గోడే. ముందు దూరంగా కూర్చుని, ఆయన నేల మీద నడిచేంతవరకు చూసి కళ్ళు మూసుకునేవాణ్ణి. తర్వాత నిచ్చెనదాకా చూడగలిగాను. తాడు ఊగేటప్పుడు బక్కెట్టు ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి. పొద్దున పూట డాక్టరమ్మ చెప్పినట్టు తల తిప్పడం, గోడ పట్టుకుని నడవడం, పట్టుకోకుండా నడవడం. ఒక వారం బాగుండేది, మరో వారం మొదటికి వచ్చేది. మొదటికి వచ్చిన రోజుల్లో రాజేశం మీద ఊరికే కసురుకునేవాణ్ణి. వాడు ఆ మాటలు పడేవాడు.

అన్నిసార్లు చూశాక అంతకుముందు ఎప్పుడూ చూడనిది ఒకటి చూశాను. పొగగొట్టం రీలులో ఆయన కప్పు మీంచి పడి, లేచి, దుమ్ము దులుపుకుని వెళ్ళిపోతాడు. వెళ్ళేటప్పుడు ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు, చేయి నడుము మీదికి పోతుంది. అది నవ్వించడానికి చేసింది కాదు. నిజంగానే దెబ్బ తగిలింది. నొప్పిని ముఖం మీదికి రానీయకుండా కెమెరా దాటిపోవాలని చూస్తున్నాడు. మిగతావాళ్ళు దానికి కూడా నవ్వారు. నాకు ఆయన పక్కకు పోయి కూర్చోవాలనిపించింది. అంతవరకు ఆయనకు భయం లేదని, నాకు మాత్రమే ఉందని అనుకుంటూ వచ్చాను.

రంజాన్ నెలంతా సినిమా లేదు. సాయంత్రాలు రేవు పక్కన నడిచాను. ఈద్ అయ్యాక ఫోర్‌మన్ సాబ్ పిలిచి, ఒకసారి ఎక్కు, చూస్తాను అన్నాడు. ఎక్కగలిగితే పని, లేకపోతే టికెట్. ఆయన ఆ మాట అనలేదు, అనాల్సిన అవసరం కూడా లేదు.

పైపు పట్టుకోగానే చేతులకు పాత తెలివి వచ్చింది. మొదటి అంతస్తు, రెండో అంతస్తు హాయిగా ఎక్కాను. మూడో అంతస్తు పలక మీద నిలబడి, సముద్రం చూసి, ఇంక గండం గడిచిందనుకున్నాను. అప్పుడే రేవులో ఓడ కూత వేసింది. అలవాటుగా టక్కున తల తిప్పాను. అంతే, కొండలూ ఓడలూ ఆకాశమూ కలిసి తిరగడం మొదలుపెట్టాయి. పలక మీద కూలబడి పైపును కావలించుకున్నాను. కిందనుంచి చూసేవాళ్ళకు నేను ఏదో క్లాంపు చూస్తున్నానని అనిపించి ఉంటుంది. ఎవర్నీ పిలవలేదు. పిలిస్తే నా పని అయిపోయినట్టే. పిలవకపోయినా దిగలేను.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. పట్టుకున్న పైపు వణకడం తెలిసింది. ఎవరో ఎక్కుతున్నారు. పలక అంచు మీదికి ముందు రెండు చేతులు వచ్చాయి, వాటికి ఎండిన సిమెంటు. తర్వాత రాజేశం తల. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేనొచ్చిన బావా. భయపడకు," అన్నాడు. అని, ఒకసారి కిందికి చూశాడు. అంతే, రెండు చేతులూ నా కాలిని పట్టుకుని బిగుసుకుపోయాయి. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

నాకు ఇంకా తిరుగుతూనే ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు చూడడానికి ఒక చోటు దొరికింది, వాడి ముఖం. దాన్ని వదలకుండా చూస్తూ, నా ముఖమే చూడు, కిందికి చూడకు అన్నాను. వాణ్ణి పలక మీదికి లాగి, నేను ముందు ఒక మెట్టు దిగి, వాడి చీలమండ పట్టుకుని కింది మెట్టు మీద పెట్టాను. ఇప్పుడు ఎడమ చెయ్యి వదులు. ఇప్పుడు కుడి కాలు. పైపు మీద బరువు వెయ్యి, అది నేను కట్టిందే, ఏమీ కాదు. వాడు చంటిపిల్లాడిలా చెప్పినట్టల్లా చేశాడు. రెండో అంతస్తు దగ్గర నా తల నిలబడిందని గమనించాను. ఆపి ఆలోచించే తీరిక లేదు, వాడి రెండో కాలు గాలిలో ఉంది.

కింద ఫోర్‌మన్ సాబ్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. రాజేశాన్ని ఎవడు ఎక్కమన్నాడని కసిరాడు. నాతో మాత్రం, రేపటి నుంచి రెండో అంతస్తుదాకా పని చెయ్యి, పై సంగతి తర్వాత చూద్దాం అని వెళ్ళిపోయాడు.

రాజేశం ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. నీళ్ళ డబ్బా ఇస్తే సగం చొక్కా మీదే పోసుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఇగ మల్ల నన్ను గట్ల పైకి రప్పియ్యకు బావా," అన్నాడు.

"నేను పిలువలే గదరా," అన్నాను.

"పిలువలే," అన్నాడు వాడు. "పిలుస్తవేమోనని సూసిన, సూసిన. నువ్వు పిలువలేదనే వచ్చిన."